నక్కపల్లి పేషెంటు

ఆ ఆసుపత్రిలో పేషెంట్లకి పేర్లుండవు. చేరేటప్పుడు కౌంటరులో ఏదో రాసుకుంటారు గానీ, వార్డు గుమ్మం దాటగానే ఆ పేరు ఊడిపోయి ఊరి పేరు వచ్చి అతుక్కుంటుంది. కొండకర్ల జ్వరం, ఏటికొప్పాక కాలు, నక్కపల్లి సుగరు. ఇందులో అమర్యాదేమీ లేదు. అనకాపల్లిలో ఏ వార్డులో నిలబడి "అప్పలరమణా" అని కేకేసినా నలుగురు తలలెత్తుతారు, ఆసుపత్రి మేనేజరుతో కలిపి. "నూకరాజూ" అంటే ఇక చెప్పనే అక్కర్లేదు. అందుకని ఊరి పేరుతో పిలుచుకోవడం ఎప్పటినుంచో అలవాటైపోయింది, ఇన్నాళ్ళూ బాగానే నడిచింది.

ఆ వార్డుకి హెడ్ నర్సు జ్యోతిలక్ష్మి. చెంపల దగ్గర జుట్టు నెరిసింది, మెట్లెక్కితే మోకాళ్ళు కలుక్కుమంటాయి. కొత్తగా వచ్చిన పిల్లలకి పని నేర్పడం, వాళ్ళు కాస్త నేర్చుకోగానే విశాఖపట్నంలో పెద్ద ఆసుపత్రులకి ఎగిరిపోతే మళ్ళీ మొదటినుంచి మొదలెట్టడం, ఇదే ఆమె బతుకు. విసుగనే మాట కూడా ఆమెకి పాతబడిపోయింది. ఇంటికెళ్ళి కాళ్ళు వేడినీళ్ళలో పెట్టుకున్నాక గానీ తానొక మనిషినన్న సంగతి గుర్తుకు రాదు.

ఆ ఆసుపత్రిలో ఎక్కడా రాసిపెట్టని రూలు ఒకటుంది. తప్పు చేశానని ఒప్పుకున్న పిల్లని ఎవరూ తిట్టరు. మేనేజరు అప్పలరమణ పిలిచి, చాలా తియ్యగా, "రేపటి నుంచి రెస్టు తీసుకోమ్మా" అంటాడు. అంతే. అందుకని జ్యోతిలక్ష్మి వార్డులో ఏ తప్పూ పైకి పోదు. అక్కడే సర్దేస్తుంది. సెలైను గొట్టం తప్పు చేతికి పెట్టినా, మాత్ర ఒకరిది ఒకరికి వేసినా, ముందు పేషెంటుని చూసుకుంటుంది, తర్వాత పిల్లని గదమాయిస్తుంది, ఆ తర్వాత నోరు కుట్టేసుకుంటుంది. నెలజీతం మీద ఇల్లు నడుపుకునే పిల్లల కడుపు కొట్టడానికి ఆమెకి మనసొప్పదు. "అక్కుంటే భయం లేదు" అని పిల్లలు చెప్పుకుంటుంటే లోలోపల పొంగిపోతుంది కూడా. ఆమెకి మిగిలిన సంతోషం అదొక్కటే, కాదనడానికి మనమెవరం.

ఆ రోజు ఆసుపత్రిలో సర్వే ఉంది. డాక్టరు వెంకటరమణకి ఆసుపత్రి గుమ్మం మీద ఒక సర్టిఫికెట్టు వేలాడదీసుకోవాలని కోరిక పుట్టింది. దానికోసం పేషెంట్ల భద్రత గురించి స్టాఫు మనసులో ఏముందో కొలవాలట. కొలిచేందుకు సనోబర్ అనే అమ్మాయి వస్తుందట. బెల్లం వర్తకుడు సైదా సాహెబ్ కూతురు, విశాఖపట్నంలో ఆసుపత్రుల నిర్వహణ చదువుతోంది. మనసులో ఉన్నది కొలవడానికి బీపీ మిషను లాంటిదేదో తెస్తుంది కాబోలని జ్యోతిలక్ష్మి అనుకుంది. పొద్దుటినుంచీ దుప్పట్లు మార్పించడం, కిటికీలు తుడిపించడం, మంచాల కింద చెప్పులు తీయించడంతో ఆమె తల ప్రాణం తోకకొచ్చింది.

ఆ హడావిడిలోనే జరిగింది.

వార్డులో నక్కపల్లి పేషెంటంటే పోతన్న. సుగరు ముదిరి, కాలి పుండుతో చేరాడు. రోజూ టిఫినుకి ముందు ఇన్సులిన్ పొడవాలి. అయితే మూడు రోజుల కిందట నక్కపల్లి నుంచే లోవరాజు అనే ఇంకో ముసలాయన జ్వరంతో వచ్చాడు. జ్వరం తగ్గింది, ఈరోజు ఇంటికి పంపమని డాక్టరు రాత్రే రాసేశాడు. ఆయా బుల్లమ్మ చీపురు చేత్తో పట్టుకునే, "నక్కపల్లికి సూదేసీ కుమారమ్మా, టిఫినొచ్చెత్తంది" అని కేకేసింది. కుమారి చేరి ఇంకా నెల కాలేదు. సిరంజి సిద్ధంగా చేతిలో ఉంది. "నక్కపల్లెవరండీ" అని అడిగింది. దగ్గర మంచం మీదున్న లోవరాజు చేయి చాపాడు. ఇంటికెళ్ళేముందు ఒక సూది పడితే మంచిదే కదా అనుకున్నాడు ఆయన. ఆ వైపు మనుషులకి సూది పడితేనే వైద్యం చేసినట్టు.

కాసేపటికి పోతన్న గొణగడం మొదలెట్టాడు, ఇడ్లీలు చల్లారిపోతున్నాయి, తన సూది ఇంకా రాలేదని. అదే సమయానికి లోవరాజు భార్య కొండతల్లి, "సిస్టరమ్మా, ఇలగొచ్చి సూడు, ఈయన ఒళ్ళంతా సెమట్లు" అంది. జ్యోతిలక్ష్మికి రెండూ ఒక్కసారే చెవిన పడ్డాయి. పరుగున వెళ్ళి వేలు పొడిచి చూస్తే సుగరు అడుగంటిపోయి ఉంది. గ్లూకోజు ఎక్కించింది. ముసలాయన కళ్ళు తెరిచి, ఏమీ జరగనట్టు, టిఫినేదని అడిగాడు. ఆయన నాలుగిడ్లీలూ తినేదాకా జ్యోతిలక్ష్మి మంచం పక్కనుంచి కదల్లేదు.

తర్వాత కుమారిని దుప్పట్ల గదిలోకి లాక్కెళ్ళింది.

"ఏ మందిచ్చేవు?"

"నీళ్ళమందేనక్కా."

ఇన్సులిన్లో రెండు రకాలు. నీళ్ళలా తేటగా ఉండేది పొద్దున్న పొడిస్తే మధ్యాహ్నానికి దాని పని అయిపోతుంది. పాలలా తెల్లగా ఉండేది అలా కాదు, రోజంతా నెమ్మదిగా సుగరుని తోడేస్తూనే ఉంటుంది. పోతన్నకి రెండూ కలిపి ఇమ్మని డాక్టరు రాశాడు.

"తెల్లది కలపలేదు కదా?"

కుమారి ఒక్క క్షణం ఆగింది. "లేదక్కా. కలిపీలోపే బుల్లమ్మ పిలిచీసింది."

ఆ ఒక్క క్షణాన్ని జ్యోతిలక్ష్మి పట్టించుకోలేదు. అలసిపోయిన మనిషి చెవికి తనకి కావలసిందే వినపడుతుంది. నీళ్ళమందే అయితే గండం గడిచినట్టే.

"ఎవరికీ చెప్పకు. ముఖం కడుక్కుని రా. నేను చూసుకుంటాను," అంది.

చూసుకుంది కూడా. అసలైతే లోవరాజుని సాయంత్రం దాకా ఉంచాలి. కానీ ఉంచాలంటే ఎందుకుంచాలో డాక్టరుకి చెప్పాలి. చెబితే కుమారి రేపటి నుంచి రెస్టు తీసుకోవాలి. పైగా సర్వే పిల్ల వార్డంతా తిరుగుతుంది, ఈ ముసలాయనతో మాట కలిపితే పొద్దుటి భాగోతమంతా బయటపడుతుంది. కొండతల్లి మాత్రం, "ఇంకా నీరసంగుందంటన్నాడు తల్లీ, సల్లబడ్డాక ఎల్తాం" అంది. జ్యోతిలక్ష్మి నవ్వుతూ ఆమె భుజం మీద చేయి వేసింది. "మంచం ఖాళీ చెయ్యాలమ్మా. ఎండెక్కితే బస్సులో ఇంకా ఇబ్బంది. బేగి వెళ్ళిపోండి," అంది. బుల్లమ్మని తోడిచ్చి బస్సుల కాంప్లెక్సుకి పంపి బస్సెక్కించింది. వాళ్ళు గేటు దాటాక ఆమెకి ఊపిరాడింది.

సర్వే మేడమీద మీటింగు గదిలో పెట్టారు. సనోబర్ సన్నగా, కళ్ళజోడుతో, పరీక్ష రాయడానికొచ్చిన పిల్లలా ఉంది. ఆయాలు చదవలేరు కాబట్టి ప్రశ్నలు తనే పైకి చదువుతానంది. జవాబు ఐదు రకాలుగా చెప్పొచ్చు, పూర్తిగా ఒప్పుకుంటాను దగ్గర్నుంచి అసలొప్పుకోను దాకా. "ఎవరి పేరూ రాయను, భయపడకండి" అంది. "అవునమ్మా, ఏం భయపడక్కర్లేదు, నేనిక్కడే ఉంటాను కదా" అని మేనేజరు అప్పలరమణ కుర్చీ లాక్కుని తలుపు పక్కనే కూర్చున్నాడు. ఆయనున్నాడనే అందరి భయం. ఆ సంగతి ఆయనకొక్కడికే తెలియదు.

"మా వార్డులో తప్పు జరిగితే భయం లేకుండా చెప్పుకోగలం," అని చదివింది సనోబర్.

"పూర్తిగా ఒప్పుకుంటానమ్మా," అంది బుల్లమ్మ. "మా డాక్టరుబాబు దేముడు."

"తప్పు చేసినవాళ్ళని కాదు, తప్పెలా జరిగిందో ముందు చూస్తారు."

"అదీ ఒప్పుకుంటానమ్మా."

అందరూ అన్నిటికీ ఒప్పుకున్నారు. పెళ్ళిపీటల మీద కూర్చున్నట్టు తలలూపారు. ఈ ఏడాదిలో ఎవరైనా ఒక్క పొరపాటైనా పైకి చెప్పారా అని అడిగితే మాత్రం అందరి తలలూ అడ్డంగా ఊగాయి. "ఒక్కటీ లేదా?" అని సనోబర్ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "మా దగ్గర జరగవమ్మా," అన్నాడు మేనేజరు, మర్యాదగా బిస్కట్ల ప్లేటు ముందుకు జరిపి.

కుమారి వంతు వచ్చింది. "తప్పు జరిగితే జరిగింది జరిగినట్టు పైవాళ్ళకి చెప్తాను," అని చదివింది సనోబర్. కుమారి జ్యోతిలక్ష్మి వైపు చూసింది. తర్వాత సనోబర్ వైపు తిరిగి, "పూర్తిగా ఒప్పుకుంటానండి. చెప్తాను," అంది. గొంతు తొణకలేదు, కనురెప్ప కదల్లేదు. ముందొచ్చిన పిల్లలకి ఈ విద్య ఒంటబట్టడానికి ఏడాది పట్టేది. ఇంత నునుపుగా అబద్ధమాడడం తానే నేర్పింది కదా అని జ్యోతిలక్ష్మికి తోచింది. ఆ పిల్లని చూసి మొదటిసారి ఆమెకి భయమేసింది.

సర్వే ముగిసింది. స్టాఫంతా కిందకి దిగుతున్నారు. మెట్ల మలుపు దగ్గర కుమారి వెనకబడింది.

"అక్కా, ఒక మాట. ఏటంటే... తెల్లమందైతే మధ్యాహ్నం మళ్ళీ సుగరు దిగిపోతాదా?"

జ్యోతిలక్ష్మి రెయిలింగు పట్టుకుంది. "ఎందుకడుగుతున్నావు?"

కుమారి కింద మెట్ల మీద ఎవరైనా ఉన్నారేమోనని తొంగి చూసింది.

"రెండూ కలిపే ఇచ్చేవా?"

"ఇచ్చీసేనక్కా."

"పొద్దున్న లేదన్నావు."

"ఒకటే అంటే తక్కువ తప్పవుతాదనుకున్నాను. మీరు సర్దీసేరు, ఆయన టిఫిను కూడా తినీసేడు. ఇంకేం కాదులే అనుకున్నాను."

తిట్టాలంటే జ్యోతిలక్ష్మి ఏమని తిడుతుంది? ఆ పిల్ల తన దగ్గర చేసిందీ, తాను డాక్టరు దగ్గర చేసిందీ ఒకటే. బస్సు ఈపాటికి కశింకోట దాటి ఎంత దూరం పోయిందో. ముసలాయన కిటికీ పక్కన తలవాల్చి ఉంటాడు, నిద్రపోతున్నాడనుకుంటారు, నిద్రలోనే పోతాడు. ఈ ఆలోచన రాగానే ఆమె దిగిన మెట్లన్నీ మళ్ళీ ఎక్కింది. మోకాళ్ళ సంగతి గుర్తే లేదు.

మీటింగు గదిలోకి డాక్టరు వెంకటరమణ అప్పుడే వచ్చాడు. సనోబర్ కాగితాలు సర్దుకుంటుంటే, మన స్టాఫు ఎలా ఉందమ్మా అని అడుగుతున్నాడు. జ్యోతిలక్ష్మి తలుపు దగ్గరే నిలబడి ఆయాసపడుతూ చెప్పింది.

"సార్, పొద్దున్న పోతన్న ఇన్సులిన్ లోవరాజుకి పడింది. తెల్లమందుతో సహా. నేను గ్లూకోజిచ్చి ఇంటికి పంపించీసేను. బస్సులో ఉన్నారు."

మేనేజరు లేచి నిలబడ్డాడు. "ఇక్కడ కాదు సిస్టర్," అన్నాడు. డాక్టరు కూడా సనోబర్ వైపోసారి చూసి, "నా రూముకి రా, మాట్లాడదాం," అన్నాడు.

"రూము దాకా టైము లేదు సార్."

వెంకటరమణకి సర్టిఫికెట్ల మీద మోజున్న మాట నిజమే గానీ, చెడ్డ డాక్టరు కాడు. ఇంకో ప్రశ్న అడక్కుండా ఫోనందుకుని, వ్యాను తియ్యమని డ్రైవరు రియాజుకి చెప్పాడు. "గ్లూకోజు బాటిళ్ళు పట్టుకుని నువ్వే వెళ్ళు," అన్నాడు జ్యోతిలక్ష్మితో. ఆమె అప్పటికే సగం మెట్లు దిగింది.

హైవే మీద లారీలు ఒకదాని వెనక ఒకటి. రియాజ్ హారను మీదనుంచి చేయి తియ్యలేదు. ముందు పోతున్న ప్రతి బస్సునీ దాటి, అడ్డంగా ఆగి, ఆపించి చూశారు. ఒకదాంట్లో లేరు, రెండోదాంట్లోనూ లేరు. జ్యోతిలక్ష్మికి ఏడుపు రావడం లేదు, అలసట మాత్రం ఎముకల్లోకి దిగిపోయింది. ఆ ముసలాయన బతికుంటే చాలు, ఇంకేదైనా పోనీ అనుకుంది. చేతిలోని సీసాలు వేడెక్కిపోతున్నాయని కొంగుతో చుట్టింది.

ఎలమంచిలి దాటాక రోడ్డు పక్క టీకొట్టు దగ్గర జనం గుమిగూడి ఉన్నారు. "అదిగో సిస్టరమ్మా," అన్నాడు రియాజ్.

లోవరాజు నేలమీద పడి ఉన్నాడు. ఒళ్ళంతా మట్టి. కళ్ళు తెరిచే ఉన్నాయి గానీ చూపు నిలవడం లేదు, నోటివెంట ఏవో మాటలు. బస్సులో తూలి పక్కవాళ్ళ మీద పడి, బూతులు తిట్టాడట. పట్టపగలే తాగొచ్చాడని జనం గోలపెట్టి ఇక్కడ దింపించేశారు. టీకొట్టు దగ్గర నిలబడ్డ ఇద్దరు, "ఏటి బావా, ముసలోడు ఫుల్లుగా కొట్టీసేడు" అని నవ్వుకుంటున్నారు. కొండతల్లి మొగుడి తల ఒళ్ళో పెట్టుకుని అందరికీ చేతులెత్తి దండం పెడుతోంది.

"తాగుబోతంటన్నారు తల్లీ. మా ఆయన సుక్క ముట్టడు. ఒట్టు."

"నాకు తెలుసమ్మా, నాకు తెలుసు," అంటూ జ్యోతిలక్ష్మి ఆ మట్టిలోనే కూలబడి నరం వెతికింది. చెమటకి చేయి జారిపోతోంది. సూది ఎక్కింది. గ్లూకోజు లోపలికి పోతుంటే రియాజ్ సీసా ఎత్తి పట్టుకున్నాడు. నవ్విన ఇద్దరూ నవ్వడం మానేసి కాస్త దూరం జరిగారు. ఎంతసేపటికో లోవరాజు చూపు నిలిచింది. భార్య ముఖం వైపు చూసి, "మనూరొచ్చీసిందేటి?" అన్నాడు.

వ్యానులో వెనక్కి తీసుకొచ్చి అదే మంచం మీద పడుకోబెట్టారు. ఈసారి సీసా ఆపకుండా ఎక్కుతోంది. డాక్టరే దగ్గరుండి చూశాడు. ప్రాణానికి భయం లేదన్నాక మేనేజరు గొంతు సవరించుకున్నాడు. "ఆ కుమారిని రేపటి నుంచి..."

"ఆ పిల్ల తప్పు చేసింది. దాచింది నేను," అంది జ్యోతిలక్ష్మి. "పంపితే ఇద్దర్నీ పంపండి."

మేనేజరు డాక్టరు వైపు చూశాడు. డాక్టరు నుదురు రుద్దుకుంటూ, "రేపు చూద్దాం, అప్పలరమణా," అన్నాడు. రేపు ఏం చూస్తాడో ఆయనకే తెలియదు. కానీ ఆ ఆసుపత్రిలో ఇలాంటి మాటకి అప్పటికప్పుడు జవాబు రాకపోవడం అదే మొదలు.

సనోబర్ ఇంకా వెళ్ళలేదు. కాగితాల కట్ట ఒళ్ళో పెట్టుకుని వరండా బెంచీ మీద కూర్చుంది. "ఇవన్నీ మళ్ళీ అడగాలి సిస్టర్," అంది నీరసంగా.

"రామ్మా. మేనేజరుగారు లేనప్పుడు రా," అంది జ్యోతిలక్ష్మి.

లైట్లు వేసే వేళకి ఆమె వార్డులోకి వెళ్ళింది. కుమారిని కూడా రమ్మంది. లోవరాజు నిద్రపోతున్నాడు, ఇది మామూలు నిద్రే. కొండతల్లి లేచి జ్యోతిలక్ష్మి రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది.

"నువ్వు దేవతవి తల్లీ. నువ్వెనకాల పడి రాకపోతే నా బొట్టు పోయుండును."

ఆ మాటకి ఊకొట్టి ఇంటికెళ్ళిపోవచ్చు. డాక్టరు కూడా పేషెంటు వాళ్ళతో ఏం చెప్పమనలేదు. జ్యోతిలక్ష్మి స్టూలు లాక్కుని కూర్చుంది. పొద్దున్న సూది ఎవరిదో, ఎవరికి పడిందో, ముసలాయన ఎందుకు చెమటలు కక్కాడో, అది తెలిసీ తాను ఎందుకు నోరు మూసుకుందో మొత్తం చెప్పింది. కుమారి పేరు దాచలేదు, తన పేరూ దాచలేదు. మధ్యలో ఆగితే మళ్ళీ సర్దేయాలనిపిస్తుందేమోనని ఎక్కడా ఆగలేదు.

కొండతల్లి కుమారి వైపు చూసింది.

"గుంట సిన్నది. తొట్రుపాటు పడింది. అది సరే."

తర్వాత మొగుడి ముఖం మీది దుమ్ము కొంగుతో తుడవడం మొదలెట్టింది. వ్యానులో ఒకసారి తుడిచిందే. అయినా తుడుస్తూనే ఉంది.

"బస్సులో అందరూ తాగేడు, తాగేడంటంటే, నానూ నమ్మీసేను తల్లీ. ఆస్పత్రిలో ఎవుడో పోయించీసేడనుకున్నాను. ఇన్నేళ్ళ కాపురంలో ఏనాడూ సెయ్యెత్తలేదు. అందరి ముందూ సెంప మీద కొట్టీసేను."

ఆమె తలెత్తి జ్యోతిలక్ష్మిని చూసింది. కోపంతో కాదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

"నువ్వు పొద్దున్నే సెప్తే కొడుదునా?"

"కొట్టేదానివి కాదమ్మా," అంది జ్యోతిలక్ష్మి.